గోళంలో మందెంత? హెచ్‌పీఎల్‌సీ లెక్క ఎక్కడ తప్పుతుంది

ఈ నెల పాఠకుల ప్రశ్నలు

పాలిమర్ మైక్రోస్ఫియర్లలో (మందు నింపిన సన్నని పాలిమర్ గోళాల్లో) మందు శాతం హెచ్‌పీఎల్‌సీతో (ద్రావణంలోని పదార్థాలను కాలమ్ అనే గొట్టంలో విడదీసి కొలిచే యంత్రంతో) కట్టడం గురించి వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. ఒక్క ఇంజెక్షన్‌తో వారాల తరబడి కొద్దికొద్దిగా మందు అందించే పద్ధతికి ఈ సన్నని గోళాలు ఒక ఆధారం. వీటికి ఎక్కువగా వాడే పాలిమర్ పీఎల్‌జీఏ. ఒంట్లో అది మెల్లగా లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలుగా విడిపోతుంది. స్కిజోఫ్రీనియాకు రెండు వారాలకోసారి ఇచ్చే రిస్పెరిడోన్ గోళాల ఇంజెక్షన్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 2003లో అనుమతి ఇచ్చింది. ఆ గోళాలు గ్రాముకు 381 మి.గ్రా. మందు మోస్తాయి. 2006లో వచ్చిన నాల్ట్రెక్సోన్ నెలవారీ ఇంజెక్షన్‌లో గ్రాముకు 337 మి.గ్రా. ఉంటుంది. ఉత్తరాల్లో ఎక్కువ భాగం రిస్పెరిడోన్ మీదే ఉన్నాయి కాబట్టి అంకెలు చాలావరకు దానికే ఇస్తున్నాం.

ప్రశ్న: సర్, 400 మి.గ్రా. రిస్పెరిడోన్, 600 మి.గ్రా. పీఎల్‌జీఏ (లాక్టిక్, గ్లైకోలిక్ పాళ్లు 75:25) డైక్లోరోమీథేన్‌లో కరిగించి, 1 శాతం పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) ద్రావణంలో ఎమల్షన్ చేసి గోళాలు తయారు చేశాను. ఆరాక 740 మి.గ్రా. వచ్చాయి. పైతేటను వడకట్టి హెచ్‌పీఎల్‌సీలో చూస్తే 16 మి.గ్రా. మందే కనబడింది, అంటే 96 శాతం లోపలే ఉన్నట్టు. గోళాలనే కరిగించి చూస్తే ఎన్‌క్యాప్సులేషన్ ఎఫిషియెన్సీ (గోళాల్లో రావాల్సిన మందు శాతంలో నిజంగా చిక్కినది) 61 శాతం వస్తోంది. థీసిస్‌లో ఏది రాయాలి?
(ఎం.ఫార్మసీ విద్యార్థిని, గుంటూరు)

జవాబు: 96 రాయకండి. 61 కూడా ఇంకో రెండు పరీక్షలు చేశాకే రాయండి.

తేటలో కనబడని మందంతా గోళాల్లోనే ఉందని అనుకోవడం వల్ల వచ్చిన అంకె 96. రిస్పెరిడోన్ నీళ్లలో దాదాపు కరగదు. గోళం గట్టిపడేలోగా బయటికి జారిన మందు నీళ్లలో కరగదు కాబట్టి సన్నని స్ఫటికాలుగా తేలుతుంది. తేటను 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో పోయగానే ఆ స్ఫటికాలు ఫిల్టర్ మీదే ఆగిపోతాయి. యంత్రానికి చేరింది కరిగిన కాస్త మందే. బీకరు గోడకు, స్టిర్రర్ రెక్కలకు అంటుకున్న జిగురు ముద్ద, కడిగిన నీళ్లతో పోయిన సన్న గోళాలు కూడా ఈ లెక్కలోకి రావు. నీళ్లలో బాగా కరిగే మందుకైతే తేట లెక్క కొంత ఉపయోగపడుతుంది. కరగని మందుకు దాన్ని అసలు నమ్మొద్దు.

ఇప్పుడు మీ అంకెలనే కూడి చూడండి. సిద్ధాంత లోడింగ్ (వేసిన మందంతా గోళాల్లో ఉంటే రావాల్సిన మందు శాతం) 40. ఎఫిషియెన్సీ 61 అంటే గోళాల్లో మందు 24.4 శాతం. 740 మి.గ్రా. గోళాల్లో అది సుమారు 181 మి.గ్రా. తేటలోని 16 కలిపితే 197. మీరు వేసింది 400. మిగతా 203 మి.గ్రా. ఎక్కడుంది? బయట పోయి ఉండొచ్చు. లేదా గోళాల్లోనే ఉండి, మీ కరిగింపులో బయటికి రాకపోయి ఉండొచ్చు. గోళాల తూకం చూసి ఇది తేల్చలేం. నిజంగా 38 శాతం మందు ఉందనుకున్నా 740లో 281 మందు, 459 పాలిమర్ అవుతుంది. చిన్న బ్యాచ్‌లో 141 మి.గ్రా. పాలిమర్ గోడలకు అంటుకుని పోవడం వింతేమీ కాదు.

తేల్చే దారి ఇది. మందు తీసేశాక అడుగున మిగిలిన తెల్లటి పాలిమర్ ముద్దను పారేయకండి. దాన్ని మళ్లీ 5 మి.లీ. అసిటోనైట్రైల్‌లో పూర్తిగా కరిగించి, మళ్లీ అవక్షేపం చేసి (పాలిమర్‌ను విరిచి; పద్ధతి తర్వాతి జవాబులో ఉంది), ఆ ద్రావణాన్ని యంత్రంలోకి ఇంజెక్ట్ చేయండి. ముద్దకు అంటిన మొదటి ద్రావణం వల్ల కొద్దిపాటి పీక్ (గ్రాఫ్‌లో మందు చూపే శిఖరం) ఎలాగూ వస్తుంది. అది మొదటిసారి వచ్చినదానిలో 2 శాతం దాటితే మందు పాలిమర్‌లో చిక్కుకుంటోందన్నమాట. అప్పుడు 61 తప్పు. ముద్ద శుభ్రంగా ఉంటే బయట వెతకండి. వడకట్టని తేట 5 మి.లీ. తీసుకుని, స్ఫటికాలు కరిగేలా సమానంగా అసిటోనైట్రైల్ కలిపి ఇంజెక్ట్ చేయండి. కడిగిన నీళ్లకూ ఇదే చేయండి. బీకరు, రెక్కలు అసిటోనైట్రైల్‌తో కడిగి ఆ ద్రావణాన్నీ చూడండి. అన్నీ కూడితే వేసిన మందులో 95 నుంచి 105 శాతం మధ్య రావాలి. ఈ ఖాతా సరిపోయాకే ఎఫిషియెన్సీ అంకెకు విలువ వస్తుంది. చాలా థీసిస్‌లలో ఈ పట్టిక ఉండదు. పరీక్షకులు మాత్రం ముందుగా అడగాల్సింది దీన్నే.

ధ్రువణ కాంతి మైక్రోస్కోప్ అందుబాటులో ఉంటే గోళాల పొడిని ఒకసారి దాని కింద పెట్టండి. గోళాల మధ్య సూదుల్లాంటి స్ఫటికాలు తళుక్కుమంటే అది గోళంలోకి ఎక్కని మందు. కడగడంలో పోకుండా పొడిలో కలిసిపోయింది. అది కూడా అస్సేలో (మందు శాతం కొలిచే పరీక్షలో) లోపలి మందుగానే లెక్కకొస్తుంది.

ఇంకొకటి. 24.4ను 40తో భాగించి 61 అంటున్నారు. వేసిన 400లో గోళాల రూపంలో చేతికొచ్చింది 181, అంటే 45 శాతం. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. గోళాల దిగుబడితో సహా రెండూ రాయండి, ఏ సూత్రంతో కట్టారో పక్కనే చెప్పండి.

ప్రశ్న: మా ల్యాబ్‌లో ఒక్కొక్కరు ఒక్కో తీరుగా శాంపిల్ తయారు చేస్తున్నారు. గోళాలు తూచడం నుంచి శాతం కట్టేదాకా ఒక పద్ధతి వివరంగా చెప్పగలరా?
(క్యూసీ విశ్లేషకుడు, హైదరాబాద్)

జవాబు: తూకంతోనే మొదలుపెడదాం, సగం తప్పులు అక్కడే పుడతాయి. అమెరికా ఫార్మకోపియా నియమం ప్రకారం త్రాసు చూపే కనీస అంకెకు 820 రెట్లకన్నా తక్కువ తూచకూడదు. 0.1 మి.గ్రా. చూపే నాలుగు స్థానాల త్రాసులో అది 82 మి.గ్రా. 0.01 మి.గ్రా. చూపే ఐదు స్థానాల త్రాసులో 8.2 మి.గ్రా. కాలేజీల్లో నాలుగు స్థానాల త్రాసు మీద 5 మి.గ్రా. గోళాలు తూచి రెండు దశాంశాల దాకా శాతం రాస్తుంటారు. ఆ దశాంశాలకు అర్థం లేదు. గోళాలు తక్కువగా ఉంటే ఐదు స్థానాల త్రాసు వెతుక్కోండి. అది లేకపోతే 100 మి.గ్రా. తూచి ఫ్లాస్క్ పెద్దది చేయండి.

ఐదు స్థానాల త్రాసులో 20 మి.గ్రా. గోళాలు తూచి 25 మి.లీ. వాల్యూమెట్రిక్ ఫ్లాస్క్‌లో వేయండి. రిస్పెరిడోన్‌కు వెలుతురు పడదు కాబట్టి ముదురు గోధుమరంగు ఫ్లాస్క్ మేలు. 5 మి.లీ. అసిటోనైట్రైల్ పోసి గుండ్రంగా తిప్పి, 5 నుంచి 10 నిమిషాలు సోనికేట్ చేయండి. తొట్టి నీళ్లు వేడెక్కకుండా రెండు మూడు ఐసు ముక్కలు వేయండి. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ఒక్క రేణువు కూడా కనబడకూడదు. ఈ దశలో తొందరపడితే తర్వాత ఎంత జాగ్రత్త పడ్డా లాభం లేదు. ఉబ్బి మెత్తబడిన గోళం కరిగినట్టే కనబడుతుంది, మందును మాత్రం వదలదు.

ఆ తర్వాత పాలిమర్‌ను బయటికి నెట్టాలి. పీఎల్‌జీఏ అసిటోనైట్రైల్‌లో కరుగుతుంది, మిథనాల్‌లోనూ నీళ్లలోనూ కరగదు. రిస్పెరిడోన్ మిథనాల్‌లోనూ పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోనూ కరుగుతుంది. ఈ తేడాయే మనకు ఆసరా. మిథనాల్, 0.01 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సమానంగా కలిపిన ద్రావణాన్ని, ఫ్లాస్క్ తిప్పుతూ సన్నటి ధారగా 18 మి.లీ. దాకా పోయండి. ఒక్కసారిగా గుమ్మరిస్తే పాలిమర్ పెద్ద ముద్దగా గడ్డకట్టి మందును లోపల మూసేస్తుంది. మెల్లగా పోస్తే పాలలా సన్నగా విరుగుతుంది. మిథనాల్, నీళ్లు కలిస్తే వేడి పుడుతుంది, అసిటోనైట్రైల్, నీళ్లు కలిస్తే చల్లబడుతుంది. అందుకే అరగంట ఆగి గది ఉష్ణోగ్రతకు వచ్చాకే గీత దాకా నింపండి. బాగా కుదిపి, కొంత భాగాన్ని పాలీప్రొపిలీన్ ట్యూబులో 10,000 ఆర్‌పీఎం వద్ద 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయండి. పైతేటను 0.22 మైక్రాన్ హైడ్రోఫిలిక్ పీటీఎఫ్ఈ ఫిల్టర్‌లో వడకట్టి, మొదటి 2 మి.లీ. పారేయండి. అందులోంచి 1 మి.లీ. తీసి మొబైల్ ఫేజ్‌తో (కాలమ్ గుండా పంపే ద్రవం, కింద చెప్పిన బఫర్, అసిటోనైట్రైల్ మిశ్రమం) 10 మి.లీ. చేయండి. ఈ పలుచన ద్రావణాన్ని గంటసేపు అలా ఉంచి చూడండి. మసక కనబడితే మళ్లీ సెంట్రిఫ్యూజ్ చేయాల్సిందే, అలాగే వయల్లో పోయొద్దు.

కాలమ్ బేస్‌లకు (క్షార గుణమున్న మందులకు) అనువైన సీ18, 150 × 4.6 మి.మీ., 5 మైక్రాన్. బఫర్‌కు లీటరు నీళ్లలో 2.72 గ్రా. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ వేసి, ఆర్థోఫాస్ఫారిక్ ఆమ్లంతో పీహెచ్ 3.0కు తెచ్చి 0.45 మైక్రాన్‌లో వడకట్టండి. పీహెచ్ సరిచేసేది అసిటోనైట్రైల్ కలపక ముందే. బఫర్ 70, అసిటోనైట్రైల్ 30 పాళ్లు. ఫ్లో నిమిషానికి 1.0 మి.లీ., కాలమ్ 30 డిగ్రీలు, ఇంజెక్షన్ 10 మైక్రోలీటర్లు, డిటెక్టర్ 278 నానోమీటర్లు. మందు పీక్ ఖాళీ సమయానికి (కాలమ్‌కు అంటని ద్రవం బయటికొచ్చే సమయానికి) మరీ దగ్గరగా వస్తే అసిటోనైట్రైల్‌ను రెండేసి శాతం తగ్గిస్తూ పొండి. కెపాసిటీ ఫ్యాక్టర్ (మందును కాలమ్ ఎంత పట్టి ఉంచుతోందో చెప్పే అంకె) 2కు పైన ఉండాలి. రిస్పెరిడోన్ బేస్ కావడంతో పాత కాలమ్‌ల మీద తోక లాగుతుంది. టెయిలింగ్ 2.0 దాటితే కాలమ్ మార్చడమే మేలు. స్టాండర్డ్ (స్వచ్ఛత తెలిసిన మందు ద్రావణం) 5 ఇంజెక్షన్ల ఏరియాల (పీక్ కింది వైశాల్యాల) ఆర్‌ఎస్‌డీ (అంకెల మధ్య తేడాను శాతంలో చెప్పే కొలత) 2.0 శాతం మించకూడదు.

స్టాండర్డ్ 30 మి.గ్రా. తూచి 100 మి.లీ. చేయండి, దాన్ని 1 నుంచి 10కి పలుచన చేయండి. శాంపిల్‌లో ఉన్న ద్రావకాలే అదే నిష్పత్తిలో స్టాండర్డ్‌లోనూ ఉండాలి. విడిగా రెండు స్టాండర్డ్‌లు తూచి ఒకదానితో ఒకటి పోల్చండి. 98 నుంచి 102 లోపు కలవకపోతే ఆ రోజు శాంపిల్ జోలికి పోవద్దు.

ఒక లెక్క చూద్దాం. స్టాండర్డ్ 30.15 మి.గ్రా., పొటెన్సీ (అందులో అసలు మందు పాలు) 99.6 శాతం, ఏరియా 15,00,000. పలుచన తర్వాత దాని గాఢత మి.లీ.కు 30.03 మైక్రోగ్రాములు. గోళాలు 20.12 మి.గ్రా., ఏరియా 12,60,000. శాంపిల్ గాఢత 30.03ను 0.84తో గుణిస్తే 25.23. దాన్ని 10తో, ఆపై 25తో గుణిస్తే 6,306 మైక్రోగ్రాములు, అంటే 6.306 మి.గ్రా. 20.12తో భాగిస్తే మందు 31.3 శాతం. సిద్ధాంత లోడింగ్ 40 అయితే ఎఫిషియెన్సీ 78.4 శాతం.

ప్రతిసారీ మందు లేని ఉత్త గోళాలను కూడా ఇదే వరుసలో నడపండి. మందు పీక్ వచ్చే చోట ఏమీ లేవకూడదు.

ప్రశ్న: 30 ఇంజెక్షన్లు అయ్యేసరికి ప్రెషర్ 95 బార్ నుంచి 210కి పెరిగింది. పీక్ కూడా రెండుగా చీలుతోంది. కాలమ్ పోయినట్టేనా?
(విశ్లేషకుడు, విశాఖపట్నం)

జవాబు: ఇంకా పోలేదు. గోళాలను అసిటోనైట్రైల్‌లో కరిగించి, అవక్షేపం చేయకుండా నేరుగా ఇంజెక్ట్ చేసి ఉంటారు. వయల్లో తేటగా ఉన్న ద్రావణం 70 శాతం నీళ్లున్న మొబైల్ ఫేజ్‌ను తాకగానే పాలిమర్ విరిగిపోతుంది. అది వెళ్లి కాలమ్ మొదట ఉండే ఫ్రిట్ (సన్న రంధ్రాల జల్లెడ) మీద పొరలా పేరుకుంటుంది. 0.22 మైక్రాన్‌లో వడకట్టినా దీన్ని ఆపలేం, వడకట్టేటప్పుడు పాలిమర్ కరిగే ఉంది కదా.

ముందు అడ్డు ఎక్కడుందో చూడండి. కాలమ్ విప్పి పంపు నడపండి, ప్రెషర్ దిగితే తప్పు కాలమ్‌లోనో గార్డ్‌లోనో (కాలమ్ ముందుండే చిన్న రక్షక కాలమ్) ఉంది. గార్డ్ కార్ట్రిడ్జ్ మార్చి చూడండి. అప్పటికీ తగ్గకపోతే కాలమ్ కడగాలి. మొదట 90 పాళ్ల నీళ్లు, 10 పాళ్ల అసిటోనైట్రైల్‌తో 30 మి.లీ. నడిపి ఫాస్ఫేట్ పూర్తిగా దించేయండి. ఈ మెట్టు దాటేసి నేరుగా శుద్ధ అసిటోనైట్రైల్ పంపితే ఫాస్ఫేట్ లోపల గడ్డకట్టి, ఉన్న అడ్డుకు ఇంకోటి తోడవుతుంది. తర్వాత కాలమ్ కొసను డిటెక్టర్ నుంచి విప్పి బీకరులో పెట్టి, 100 శాతం అసిటోనైట్రైల్ నిమిషానికి 0.5 మి.లీ. చొప్పున 45 నిమిషాలు పంపండి. తయారీదారు ఒప్పుకుంటే కాలమ్‌ను తిరగేసి కడగడం ఇంకా బాగా పనిచేస్తుంది. అయినా దిగకపోతే టెట్రాహైడ్రోఫ్యూరాన్ 0.3 మి.లీ. ఫ్లోతో అరగంట నడపండి, పీఎల్‌జీఏ అందులో సులువుగా కరుగుతుంది. అయితే టెట్రాహైడ్రోఫ్యూరాన్‌కు పీఈఈకే (ఒక రకం ప్లాస్టిక్) గొట్టాలు ఉబ్బుతాయి. స్టీలు గొట్టాలున్న పంపు మీదే ఈ పని చేయండి, అయ్యాక అసిటోనైట్రైల్‌తో బాగా కడిగేయండి.

చీలిక సంగతి. స్టాండర్డ్ పీక్ కూడా చీలుతుంటే ఫ్రిట్ మూసుకుపోయిందని అర్థం. శాంపిల్ మాత్రమే చీలి, ఇంజెక్షన్ 10 నుంచి 5 మైక్రోలీటర్లకు తగ్గించగానే అతుక్కుంటే తప్పు ద్రావకానిది. మొబైల్ ఫేజ్‌లో 30 శాతం అసిటోనైట్రైల్ ఉండగా శాంపిల్‌లో 100 శాతం ఉంటే, మందులో కొంత భాగం కాలమ్‌ను పట్టుకోకుండా ముందుకు దూకేస్తుంది. చివరి పలుచన మొబైల్ ఫేజ్‌తో చేయమన్నది అందుకే.

డైక్లోరోమీథేన్‌ను (కంపెనీల్లో ఎండీసీ అనేది ఇదే) మాత్రం సీ18 కాలమ్ మీదికి ఎక్కించొద్దు. నీళ్లతో కలవదు, పీక్ ఆకారమే మిగలదు.

ప్రశ్న: మా ప్రాజెక్టులో ఎన్‌క్యాప్సులేషన్ ఎఫిషియెన్సీ 112 శాతం వచ్చింది. గైడ్ గారు 100 అని రాసేయమంటున్నారు.
(బి.ఫార్మసీ విద్యార్థులు, తిరుపతి)

జవాబు: రాయకండి. 112 వచ్చిందంటే ఏదో దొరకాల్సిన తప్పు ఉంది.

ముందు సూత్రం చూడండి. లోడింగ్ అంటే మందును మొత్తం గోళాల బరువుతో భాగించాలి. కొందరు పాలిమర్ బరువుతో మాత్రమే భాగిస్తారు. 400 మందు, 600 పాలిమర్ ఉంటే మొదటి లెక్కన 40 శాతం, రెండో లెక్కన 66.7. లవం ఒక పద్ధతిలో, హారం ఇంకో పద్ధతిలో తీసుకుంటే 100 దాటొచ్చు.

సూత్రం సరిగ్గా ఉంటే ద్రావకం ఆవిరి చూడండి. గోళాలను డైక్లోరోమీథేన్‌లో కరిగించి బీకరులో మూత లేకుండా ఉంచితే పరిమాణం తగ్గి గాఢత పెరుగుతుంది. ఆ తర్వాత గోళాలను జల్లెడ పట్టారా అన్నది. సన్న గోళాలకూ పెద్ద గోళాలకూ లోడింగ్ ఒకేలా ఉండదు, ఒక భాగాన్నే తీసి మొత్తం బ్యాచ్ అంకెతో పోలిస్తే తేడా వస్తుంది. కడగడంలో పోని స్ఫటికాలు పొడిలో మిగిలి ఉండొచ్చు. పాలిమర్ గోడలకు అంటి ఎక్కువగా పోయి, మందు అంతగా పోకపోతే లోడింగ్ నిజంగానే 40 దాటుతుంది. అలాంటప్పుడు 112 తప్పేమీ కాదు. దిగుబడి తక్కువైందని పక్కనే రాస్తే చాలు.

ప్రశ్న: హెచ్‌పీఎల్‌సీ ఖాళీ దొరకడం లేదు. యూవీ స్పెక్ట్రోఫొటోమీటర్‌తో సరిపెట్టుకోవచ్చా?
(వరంగల్)

జవాబు: తయారీ మధ్యలో బ్యాచ్ ఎటు పోతోందో చూసుకోవడానికి పర్వాలేదు. ఉత్త గోళాలను అదే వరుసలో కరిగించి బ్లాంక్‌గా (మందు లేని పోలికగా) పెట్టండి. 350 నానోమీటర్ల దగ్గర కూడా చదవండి. అక్కడ రిస్పెరిడోన్ కాంతిని పీల్చదు. అక్కడ అంకె వస్తే అది కంటికి కనబడని పాలిమర్ మసక చెదరగొట్టిన కాంతి, 278 దగ్గర ఇంకా ఎక్కువగా ఉంటుంది. ఆ ద్రావణాన్ని మళ్లీ సెంట్రిఫ్యూజ్ చేయాలి.

తుది ఫలితానికీ స్టెబిలిటీకీ మాత్రం యూవీ చాలదు. రిస్పెరిడోన్ ఆక్సీకరణ చెందితే వచ్చే ఎన్-ఆక్సైడ్‌లో కాంతిని పీల్చే భాగం అలాగే ఉంటుంది. యూవీ దాన్నీ మందుగానే లెక్కేస్తుంది. ద్రావకాన్నీ చూసుకోండి. అసిటోన్ 330 నానోమీటర్ల కింద అంతా తానే పీల్చేస్తుంది, ఇథైల్ అసిటేట్ 256 కింద, డైమిథైల్ సల్ఫాక్సైడ్ 268 కింద. అసిటోనైట్రైల్‌కు ఆ హద్దు 190.

ప్రశ్న: ఏసీ లేని ల్యాబ్‌లో మే నెల పనిచేస్తున్నాం. ఒకే గోళాలు మూడుసార్లు చేస్తే 27, 31, 35 శాతం అంటూ వస్తున్నాయి. స్టాండర్డ్ మాత్రం చక్కగా ఉంది.
(అధ్యాపకురాలు, ఖమ్మం)

జవాబు: అమ్మా, స్టాండర్డ్ ఐదు ఇంజెక్షన్లు కలుస్తున్నాయంటే యంత్రాన్ని వదిలేయండి. తప్పు తూకంలోనో ఫ్లాస్క్‌లోనో ఉంది.

డైక్లోరోమీథేన్ సుమారు 40 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో మీ గదే ఆ దరిదాపుల్లో ఉంటుంది. మైక్రోపిపెట్‌తో దాన్ని తీస్తే లోపలి గాలి ఆవిరితో నిండి, చివర నుంచి చుక్కలు కారిపోతాయి. 1 మి.లీ. అని సెట్ చేసినా పడేది అంత ఉండదు. కొలిచి తీయాల్సిన ఏ దశలోనూ డైక్లోరోమీథేన్ ఉండకుండా చూసుకోండి. కరిగించడానికి వాడినా, కొలత మాత్రం మిథనాల్‌తో గీత దాకా నింపాకే జరగాలి. పై పద్ధతిలో అసిటోనైట్రైల్ చెప్పడానికి ఇదొక కారణం, అది 82 డిగ్రీల దాకా మరగదు.

గోళాలను 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లోనే పెడుతున్నారనుకుంటాం. పీఎల్‌జీఏ మెత్తబడే ఉష్ణోగ్రత సాధారణంగా 45 నుంచి 55 డిగ్రీల మధ్య ఉంటుంది. తడి, మిగిలిన ద్రావకం ఉంటే ఇంకా కిందికి దిగుతుంది. వేసవిలో బల్ల మీద వదిలేస్తే గోళాలు ఒకదానికొకటి అతుక్కుని గడ్డలవుతాయి. ఫ్రిజ్ నుంచి తీసిన సీసాను గది వేడికి వచ్చేదాకా, అరగంటైనా, మూత తీయకండి. చల్లటి పొడి మీద గాలిలోని తేమ పట్టేస్తుంది. తూకంలో నీళ్లు కలిస్తే మందు శాతం పడిపోతుంది. తేమను కార్ల్ ఫిషర్‌తో కొలిచి, పొడి బరువుకు సవరించి రాయడం సరైన పద్ధతి.

ఆ తర్వాత శాంపిల్ తీసే తీరు. సీసాను పదేపదే కదిపితే సన్న గోళాలు కిందికి, పెద్దవి పైకి చేరతాయి. ఎప్పుడూ పైనుంచే తీస్తే పెద్ద గోళాల శాతమే వస్తుంది. సీసాను నెమ్మదిగా పక్కకు దొర్లించి మూడు చోట్ల నుంచి తీయండి. గోళాలకు స్టాటిక్ పట్టి తూచే కాగితం మీంచి ఎగిరిపోతుంటే కాగితం మానేసి నేరుగా ఫ్లాస్క్‌లోకి తూచండి, లేదా చిన్న గాజు గరాటు వాడి గోళాలు వేయకముందూ వేశాకా తూచి తేడా తీసుకోండి. ఇవి సరిదిద్దాక మూడు అంకెల ఆర్‌ఎస్‌డీ 2 శాతం దగ్గరికి వస్తుంది.

ప్రశ్న: ల్యూప్రోలైడ్, ఆక్ట్రియోటైడ్ వంటి పెప్టైడ్‌ల (అమైనో ఆమ్లాల గొలుసులైన మందుల) గోళాలకు ఇదే పద్ధతి పనిచేస్తుందా? మా దగ్గర అస్సే 80 శాతం దాటడం లేదు, చివర్లో తెలియని రెండు చిన్న పీక్‌లు కూడా వస్తున్నాయి.
(ఫార్ములేషన్ శాస్త్రవేత్త, న్యూజెర్సీ)

జవాబు: నేరుగా పనిచేయదు. ఈ పెప్టైడ్‌లు ధనావేశం మోస్తాయి. పీఎల్‌జీఏ గొలుసు చివరి కార్బాక్సిల్ గుంపులు రుణావేశం మోస్తాయి. రెండూ పట్టుకుంటే పాలిమర్‌తో పాటే పెప్టైడ్ కూడా అడుగుకు దిగిపోతుంది. ల్యూప్రోలైడ్ గోళాలు అమెరికాలో 1989 నుంచి వాడుకలో ఉన్నాయి. ఇలాంటివాటికి రెండు ద్రవాల పద్ధతి నమ్మదగ్గది.

20 మి.గ్రా. గోళాలను మూత గట్టిగా పడే గాజు ట్యూబులో 2 మి.లీ. డైక్లోరోమీథేన్‌తో కరిగించండి. 0.1 మోలార్ అసిటేట్ బఫర్ (పీహెచ్ 4.0) 5 మి.లీ. పోసి అరగంట కుదిపి, సెంట్రిఫ్యూజ్ చేయండి. డైక్లోరోమీథేన్ బరువైనది, కింద ఉంటుంది. పై నీటి పొరను తీసుకోండి. ఇలా మొత్తం మూడుసార్లు చేసి, మూడింటినీ కలిపి 25 మి.లీ. చేయండి. మొదట్లో మూడోసారి తీసినదాన్ని విడిగా ఇంజెక్ట్ చేసి చూడండి. మొదటిదానిలో 1 శాతం కన్నా ఎక్కువ వస్తే నాలుగోసారి కూడా తీయాలి. రెండు పొరల మధ్య తెల్లటి పొర ఏర్పడితే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, మీ 20 శాతం అందులోనే చిక్కి ఉండొచ్చు. ట్యూబును ఇంకా ఎక్కువసేపు సెంట్రిఫ్యూజ్ చేసి ఆ పొరను విడగొట్టండి. దానికీ లొంగకపోతే గోళాలను డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో కరిగిస్తే పాలిమరూ పెప్టైడూ రెండూ కరుగుతాయి. ఆ అంకెతో పోల్చి చూడండి. నీటి పొరను పాలీప్రొపిలీన్ వయల్లోనే ఉంచండి, పలుచని పెప్టైడ్ గాజుకు అంటుకుంటుంది. పెప్టైడ్‌ను 220 నానోమీటర్ల దగ్గర చూస్తాం. డైక్లోరోమీథేన్ 233 కింద తానే పీలుస్తుంది కాబట్టి నీటి పొరలో మిగిలిన కాస్త కూడా క్రొమాటోగ్రామ్‌లో కనబడుతుంది. గ్రేడియెంట్‌లో (మొబైల్ ఫేజ్ పాళ్లు మెల్లగా మారుస్తూ నడిపేటప్పుడు) అది ఎక్కడ లేస్తుందో బ్లాంక్‌తో ముందే గుర్తుపెట్టుకోండి.

ఆ రెండు పీక్‌లు ఆక్ట్రియోటైడ్ గోళాల్లో వస్తుంటే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు పంపండి. ఆక్ట్రియోటైడ్ అమైన్ గుంపులు పాలిమర్‌తో చర్య జరిపి గ్లైకోలిక్ ముక్కనో లాక్టిక్ ముక్కనో తగిలించుకుంటాయి. అసలు బరువుకు 58 కలిస్తే మొదటిది, 72 కలిస్తే రెండోది. రెండు ఛార్జీల అయాన్‌లో అవి 29, 36గా కనబడతాయి. ఇవి కరిగింపులో పుట్టినవి కావు, గోళంలోనే పుట్టినవి. కాబట్టి మీ అస్సే తగ్గడంలో కొంత భాగం నిజమైన నష్టమే. వాటిని మందు ఏరియాలో కలపొద్దు, విడిగా మలినాలుగా చూపండి.

ప్రశ్న: ఉత్త గోళాలకు మందు కలిపి చూస్తే రికవరీ 99.8 శాతం వచ్చింది. వ్యాలిడేషన్‌లో (పద్ధతి సరైనదని నిరూపించడంలో) అక్యురసీకి ఇది చాలదంటున్నారు, ఎందుకు?
(హైదరాబాద్)

జవాబు: బయట కలిపిన మందుకు పాలిమర్ గోడ దాటే పని లేదు. మీ పద్ధతి మందును గోళంలోంచి లాగగలదా అన్నది ఆ పరీక్ష చెప్పదు. అవక్షేపంలో మందు పోవడం లేదని, పీక్‌కు అడ్డం లేదని మాత్రం చెబుతుంది, అదీ అవసరమే. ఐసీహెచ్ క్యూ2 (విశ్లేషణ పద్ధతుల వ్యాలిడేషన్‌కు అంతర్జాతీయ మార్గదర్శకం) అడిగినట్టు మూడు గాఢతల్లో మూడేసి, మొత్తం 9 నిర్ధారణలు ఉంచండి. ఉత్త గోళాలూ మందూ రెండింటినీ అసిటోనైట్రైల్‌లో కలిపే కరిగించి, ఆ తర్వాత అవక్షేపం చేయండి. దానికి తోడు అసలు గోళాల మీద రెండు పనులు చేయండి. మొదటిది గుంటూరు విద్యార్థినికి చెప్పిన ముద్ద పరీక్ష. రెండోది సోనికేషన్‌ను 5, 10, 20 నిమిషాలకు మార్చి చూడటం. 10, 20 నిమిషాల అంకెలు కలిస్తే కరిగింపు పూర్తయినట్టే.

ప్రశ్న: తయారైన శాంపిల్ వయల్‌ను ఎన్నాళ్లు ఉంచొచ్చు?
(అదే పాఠకుడు)

జవాబు: మీ ద్రావణం మీద మీరే తేల్చుకోవాలి. 24, 48 గంటల తర్వాత అదే వయల్‌ను, అప్పటికప్పుడు చేసిన స్టాండర్డ్‌తో ఇంజెక్ట్ చేయండి. తేడా 2 శాతం లోపు ఉన్నంతవరకే ఆ గడువు. ఆటోశాంప్లర్‌ను 5 డిగ్రీలకు చల్లబరిస్తే మందు నిలుస్తుంది గానీ, మిగిలిన కాస్త పాలిమర్ మళ్లీ మసకగా విరగొచ్చు. పొద్దున చల్లటి వయల్‌ను పైకెత్తి చూసి, తేటగా ఉంటేనే ఇంజెక్ట్ చేయండి. పాతబడిన టెట్రాహైడ్రోఫ్యూరాన్‌లో పెరాక్సైడ్లు ఉంటాయి, అవి రాత్రికి రాత్రే రిస్పెరిడోన్‌ను ఎన్-ఆక్సైడ్‌గా మారుస్తాయి. కాలమ్ కడగడానికి తప్ప దాన్ని శాంపిల్‌లో వాడకండి.